ఫిరంగులు పోసిన కంపెనీ, గాయాలకు కట్టు కట్టిన కంపెనీ: యుద్ధకాలంలో కంపెనీ ఆసుపత్రులపై చర్చ

శాసనాల శర్మ (చర్చ ప్రారంభం)

మిత్రులందరికీ నమస్కారం. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో ఉక్కు, ఫిరంగులు తయారుచేసిన క్రుప్ కంపెనీ చరిత్ర చదువుతున్నప్పుడు ఒక విషయం నన్ను చాలాసేపు ఆపివేసింది. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం మొదలైనప్పుడు, గాయపడి వచ్చే సైనికుల కోసం ఆ కంపెనీ యజమాని ఆల్‌ఫ్రెడ్ క్రుప్ ఎస్సెన్‌లో ఒక సైనిక ఆసుపత్రి కట్టించాడు. యుద్ధం ముగిసిన తరువాత, 1872లో, అదే కట్టడం కంపెనీ కార్మికుల ఆసుపత్రిగా మారింది. అంటే, ఆ తరువాత వందేళ్ల పాటు క్రుప్ కార్మికులకు, వారి కుటుంబాలకు వైద్యం అందించిన సంస్థకు పునాది పడింది యుద్ధ క్షతగాత్రుల కోసం. 1870లోనే సెడాన్ వద్ద ఫ్రెంచి సైన్యాన్ని చిత్తుచేసిన ఫిరంగులు కూడా ఇదే కంపెనీ పోత పోసినవే.

ఇందులోని వైపరీత్యాన్ని ఎత్తిచూపడం సులభమే గనుక నేను అక్కడ ఆగదలచుకోలేదు. ఇటువంటి ఆసుపత్రుల్లో ఎవరిని చేర్చుకునేవారు, ఎవరిని చేర్చుకునేవారు కాదు, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండేది అన్నది నా ప్రశ్న. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేవాడు పౌరుడు, మిషన్ ఆసుపత్రికి వచ్చేవాడు దీనుడు. కంపెనీ ఆసుపత్రికి వచ్చేవాడు ముందుగా ఒక జాబితాలోని పేరు. యుద్ధం వచ్చినప్పుడు ఆ జాబితా ఏమయ్యేదో తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

విశ్రాంత శస్త్రవైద్యుడు

శర్మ గారూ, మీ ప్రశ్నకు వెళ్లేముందు ఆ కట్టడం గురించి ఒక మాట చెప్పనివ్వండి, ఎందుకంటే అది వైద్యచరిత్రలో చిన్న విషయం కాదు. అంతకుముందు గాయపడ్డవారిని రాతి గోడల పాత భవనాల్లో, మఠాల్లో, కోటల్లో కిక్కిరిసి పడుకోబెట్టేవారు. గాయం వల్ల చనిపోయేవారికన్నా ఆ గదుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకే చీము రోగాల వల్ల చనిపోయేవారు ఎక్కువ. అమెరికా అంతర్యుద్ధంలో విడివిడిగా, గాలి ధారాళంగా ఆడేటట్లు కట్టిన చెక్క శాలల్లో మరణాలు తగ్గాయని యూరపు వైద్యులు గమనించారు. 1870లో బెర్లిన్ శివారు టెంపుల్‌హోఫ్ మైదానంలో ఇదే పద్ధతిలో పెద్ద సైనిక ఆసుపత్రి వెలసింది. దాని ఏర్పాటులో రుడాల్ఫ్ విర్షో వంటి మహావైద్యుడి చెయ్యి ఉంది. ఎస్సెన్‌లో క్రుప్ కట్టించినది కూడా ఈ బ్యారక్ పద్ధతి ఆసుపత్రే.

రెండో విషయం మశూచి. ఆ యుద్ధంలో పట్టుబడిన ఫ్రెంచి ఖైదీలతో పాటు జర్మనీలోకి మశూచి వచ్చి, 1871, 1872 సంవత్సరాల్లో ఒక్క ప్రష్యాలోనే లక్షకు పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. సైనికులకు మళ్లీ టీకాలు వేసి ఉండటంతో సైన్యంలో నష్టం తక్కువ, టీకా లేని పౌరుల్లో ఎక్కువ. ఈ అనుభవమే 1874లో టీకాను తప్పనిసరి చేస్తూ చట్టం తేవడానికి దారితీసింది. వేలమంది కార్మికులు ఒకే చోట గుంపుగా నివసించే పారిశ్రామిక పట్టణంలో కొలిమి ఆరకుండా ఉండాలంటే ఆసుపత్రి ఉండి తీరాలని ఏ యజమానికైనా ఆ రెండేళ్లలో తెలిసివచ్చి ఉంటుంది. సైనికుల కోసం కట్టినదాన్ని పడగొట్టకుండా కార్మికులకు ఇచ్చారంటే అందులో నాకు ఆశ్చర్యమేమీ కనబడదు.

ఎర్రమట్టి

డాక్టరు గారు చెప్పినదాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళతాను. క్రుప్‌లో అనారోగ్య సహాయనిధి 1836 నుంచే ఉంది. 1868లో కంపెనీ దుకాణాలు వచ్చాయి. కార్మికుల ఇళ్లు, బడులు, పింఛను నిధి, అన్నీ ఉండేవి. వీటన్నిటినీ కలిపి చూస్తే, కార్మికుడు పుట్టిన దగ్గరి నుంచి పోయేదాకా కంపెనీ గుప్పెట్లోనే ఉండేటట్లు చేసిన ఏర్పాటు కనబడుతుంది. ఉద్యోగం మానేసినవాడికి అప్పటిదాకా పింఛను నిధిలో కట్టిన సొమ్ము కూడా దక్కేది కాదు. ఆసుపత్రిని కార్మికులకు ఇచ్చిన అదే 1872లో ఆల్‌ఫ్రెడ్ క్రుప్ సంస్థ మొత్తానికీ ఒక సమగ్ర నియమావళి విడుదల చేశాడు. అందులో యజమాని బాధ్యతలు ఉన్నాయి, వాటికి బదులుగా కార్మికుడి నుంచి కోరే విధేయత కూడా ఉంది. కనుక దీన్ని దయ అనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

శాసనాల శర్మ

ఎర్రమట్టి గారూ, దయ అని నేను ఎక్కడా అనలేదు. అయితే కాలు విరిగినవాడికి కట్టు కట్టేటప్పుడు, దాని వెనుక యజమాని ఉద్దేశమేమిటన్నది ఆ నిమిషంలో కాలు విరిగినవాడికి ముఖ్యం కాదు కదా. ఉద్దేశం ఎప్పుడు ముఖ్యమవుతుందంటే, కట్టు కట్టకుండా పంపివేసినప్పుడు. నేను వెతుకుతున్నది ఆ సందర్భాన్నే.

గేరు పెట్టె

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరును. మొదటి ప్రపంచయుద్ధానికి వస్తాను. 1914లో యుద్ధం మొదలైన కొద్ది వారాల్లోనే రెండు వైపులా కర్మాగారాలు ఆసుపత్రులైపోయాయి. స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ తన కొత్త ఫ్యాక్టరీ భవనాలను సైనిక ఆసుపత్రికి ఇచ్చాడు. ఫ్రాన్సులో క్లెర్మాఁ-ఫెరాఁ పట్టణంలో మిషెలిన్ సోదరులు తమ టైర్ల కర్మాగారానికి చెందిన కొత్త కట్టడంలో సెప్టెంబరు నాటికే ఆసుపత్రి తెరిచారు. యుద్ధం నడిచినంతకాలంలో అక్కడ సుమారు 3,000 మంది క్షతగాత్రులకు చికిత్స జరిగింది. అదే మిషెలిన్ సంస్థ ప్రభుత్వానికి మొదటి 100 యుద్ధవిమానాలను ఉచితంగా కట్టి ఇస్తానని ముందుకు వచ్చి, ఆ తరువాత బ్రెగే బాంబర్లను పెద్దసంఖ్యలో తయారుచేసింది. బాష్ యుద్ధపు పనుల్లో వచ్చిన లాభాన్ని తన దగ్గర ఉంచుకోవడానికి ఇష్టపడక 1916లో నెక్కర్ నది కాలువ నిర్మాణానికి పెద్ద మొత్తం విరాళమిచ్చాడు. ఎర్రమట్టి గారు దీన్ని కూడా యజమాని స్వార్థపు లెక్కే అంటారేమో తెలియదు.

కర్మాగారమే ఎందుకు ఆసుపత్రిగా అంత త్వరగా కుదిరిందన్నది చూడండి. పడకలు వరుసగా వేయడానికి స్తంభాల అడ్డు తక్కువగా ఉండే పెద్ద హాళ్లు ఉన్నాయి. ఎత్తైన కిటికీల నుంచి పగటి వెలుతురు వస్తుంది. సొంత విద్యుత్తు ఉంది కనుక శస్త్రచికిత్స గదికి దీపాలకూ ఎక్స్‌రే యంత్రానికీ ఊరి సరఫరా మీద ఆధారపడనక్కర లేదు. బాయిలర్ ఆవిరి ఉంది కనుక పనిముట్లను, గుడ్డలను శుద్ధి చేయవచ్చు, శీతాకాలంలో గదులను వెచ్చగా ఉంచవచ్చు. బరువులెత్తే లిఫ్టు స్ట్రెచరును కూడా ఎత్తుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సరుకుల కోసం వేసిన రైలు పట్టా ఆవరణలోకే వస్తుంది. క్షతగాత్రుల రైలు నేరుగా గుమ్మం దాకా రాగలదు. ఒక మామూలు ఊరి ఆసుపత్రిలో ఇవన్నీ ఒకేచోట దొరికేవి కావు.

విశ్రాంత శస్త్రవైద్యుడు

గేరు పెట్టె గారు చెప్పింది చదివి ముచ్చటేసింది. ఆ యుద్ధపు గాయాలకు ఇవన్నీ ఎందుకు అవసరమయ్యాయో నేను చేరుస్తాను. 1870 నాటి గాయాల్లో ఎక్కువ తుపాకీ గుండు చేసినవి. 1914 నాటికి ఎక్కువ భాగం ఫిరంగి గుండ్ల ముక్కలు చేసినవి. ఆ ముక్క ఎరువు వేసిన పొలం మట్టిని, సైనికుడి బట్ట పీలికలను లోపలికి లాక్కుపోయేది. ధనుర్వాతం, కండరం కుళ్లిపోయే గ్యాస్ గ్యాంగ్రీన్ దాని వల్లనే. పెన్సిలిన్ ఇంకా లేదు. 1915 నుంచి అలెక్సిస్ కారెల్, హెన్రీ డేకిన్ కలిసి రూపొందించిన పద్ధతిలో, చచ్చిన కండను కోసివేసి, సన్నని రబ్బరు గొట్టాల గుండా క్లోరిన్ ద్రావణాన్ని గంటల తరబడి గాయంలోకి పంపేవారు. ఆ పని ఒక్క సర్జను వల్ల అయ్యేది కాదు. ఎక్కువమంది నర్సులు, ఎడతెగని శుభ్రమైన నీరు, ఉడకబెట్టిన గుడ్డలు, క్రమం తప్పని వేళాపాళా కావలసివచ్చేవి. షిఫ్టుల ప్రకారం పనిచేయడం అలవాటైన చోట ఇది బాగా సాగిందంటే నమ్ముతాను.

నల్లబంగారం (బొగ్గు కంపెనీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైనవారు)

ఇంతవరకూ చదువుతూ వచ్చాను, ఇక ఆగలేక రాస్తున్నాను. మీరంతా పడకల గురించి, పనిముట్ల గురించి చెబుతున్నారు. శర్మ గారు అడిగింది గుమ్మం గురించి. కంపెనీ ఆసుపత్రిలో గుమ్మం దగ్గర కూర్చునేది డాక్టరు కాదు, గుమాస్తా. తెలంగాణలో నేను పనిచేసిన ఆసుపత్రిలో మొదటి ప్రశ్న "నొప్పి ఎక్కడ" అని ఉండేది కాదు, "మెడికల్ బుక్ ఉందా" అని ఉండేది. పర్మినెంటు కార్మికుడికీ, బుక్కులో పేరున్న అతని భార్యాపిల్లలకూ ఖరీదైన ఆపరేషన్లు కూడా ఉచితంగా జరిగాయి, అందులో మాకు గర్వం ఉంది. అదే గనిలో, అదే షిఫ్టులో, అదే పైకప్పు కూలి గాయపడిన కాంట్రాక్టు కూలీకి ప్రథమచికిత్స చేసి, కాంట్రాక్టరు వచ్చేదాకా వరండాలో కూర్చోబెట్టిన రోజులు కూడా చూశాను. డాక్టర్లకు మనసు లేక కాదు. మందు ఏ ఖాతాలో రాయాలో తెలియక.

యుద్ధం లేనిచోటే ఇలా ఉంటే, యుద్ధంలో ఎలా ఉంటుందో నేను ఊహించగలను. జర్మనీ విషయం తెలిసినవారు చెప్పండి, క్రుప్‌లో కాంట్రాక్టు కూలీల వంటివారు లేరా?

ఎర్రమట్టి

ఉన్నారమ్మా. మీరు అడిగిన ప్రశ్నకు రెండో ప్రపంచయుద్ధం సమాధానం చెప్పింది, అది కూడా ఒక కంపెనీ వైద్యుడి నోటితోనే.

1942 అక్టోబరులో విల్హెల్మ్ యేగర్ అనే వైద్యుణ్ణి క్రుప్ తన ఎస్సెన్ శిబిరాలకు ప్రధాన వైద్యుడిగా నియమించింది. ఆ శిబిరాల్లో ఉన్నది జర్మను కార్మికులు కాదు. సోవియట్ భూభాగాల నుంచి, పోలండు నుంచి బలవంతంగా తెచ్చిన కూలీలు, ఫ్రెంచి యుద్ధఖైదీలు, తరువాత నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చిన యూదు స్త్రీలు. జర్మనీ ఓడిపోయాక, 1945 అక్టోబరులో, ఆయన ఇచ్చిన ప్రమాణపత్రాన్ని నాజీ నాయకుల మీద నడిచిన న్యూరెంబర్గ్ విచారణలో సాక్ష్యంగా ప్రవేశపెట్టారు. తూర్పు నుంచి వచ్చిన కూలీలకు ఇచ్చే తిండి జర్మనులకు నిర్ణయించిన కనీసం కన్నా రోజుకు 1,000 కేలరీలు తక్కువ. వాళ్లలో రోగుల సంఖ్య జర్మను కార్మికులలో ఉన్నదానికి రెట్టింపు. క్షయ ఇంకా ఎక్కువ. నోగరాట్‌స్ట్రాస్సే అనే వీధిలోని శిబిరం బాంబుదాడిలో నాశనమయ్యాక ఫ్రెంచి ఖైదీలను నెలల తరబడి కుక్కల గూళ్లలో, మూత్రశాలల్లో, పాత రొట్టెల భట్టీల్లో ఉంచారు. మూడడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల గూటిలో అయిదుగురు.

1944 వేసవిలో 520 మంది యూదు యువతులను బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం లెక్కలో ఎస్సెన్‌కు తెచ్చి హంబోల్ట్‌స్ట్రాస్సే శిబిరంలో పెట్టారు. అక్కడికి యేగర్ మొదటిసారి వెళ్లేసరికి వాళ్ల ఒంటి మీద చీము కారుతున్న పుండ్లు ఉన్నాయి. కనీసం రెండు వారాల నుంచి వాళ్లు చూసిన మొదటి వైద్యుడు తానేనని ఆయన చెప్పాడు. పెద్ద ఆసుపత్రి, ప్రసూతి ఆసుపత్రి, పేరున్న దంతవైద్యశాల గల కంపెనీ ఇది.

గేరు పెట్టె

ఎర్రమట్టి గారూ, మీ ఆగ్రహాన్ని గౌరవిస్తూనే ఒక సందేహం. యేగర్ కంపెనీ జీతం తీసుకున్నవాడు, ఓడిపోయిన తరువాత విజేతల ముందు కూర్చుని ప్రమాణపత్రం రాసినవాడు. తన తప్పును ఇతరుల మీదికి నెట్టుకునే అవకాశం ఉన్న సాక్షి మాటను ఎంతవరకు నమ్మాలి? న్యూరెంబర్గ్‌లో ఆయనను ప్రతివాదుల న్యాయవాది ప్రశ్నించాడు కూడా కదా.

శాసనాల శర్మ

సరైన సందేహమే, ఇటువంటిది అడగవలసిందే. ఓటమి తరువాత రాసిన సాక్ష్యాన్ని ఓటమికి ముందు రాసిన కాగితంతో పోల్చి చూడటం మన శాసన పరిశోధకుల అలవాటు కూడా. ఇక్కడ ఆ కాగితాలున్నాయి. 1944 వేసవిలో, అంటే యుద్ధం ఇంకా నడుస్తుండగా, నోగరాట్‌స్ట్రాస్సే ఖైదీలను చూసే శిబిర వైద్యుడు యేగర్‌కు ఒక నివేదిక పంపాడు. బాంబుదాడి తరువాత ఖైదీలలో 170 మంది రైలు సొరంగంలో తడి నేల మీద పడుకుంటున్నారనీ, ఆ చోటు మనుషుల నివాసానికి పనికిరాదనీ అందులో ఉంది. అది కోర్టు కోసం రాసినది కాదు, పై అధికారి కోసం రాసినది. యేగర్ వ్యక్తిగత బాధ్యత ఎంత అన్నదాని మీద వాదించుకోవచ్చు, కానీ పరిస్థితి ఏమిటన్నదాని మీద వాదనకు తావు లేదు.

విశ్రాంత శస్త్రవైద్యుడు

ఎర్రమట్టి గారు దంతవైద్యశాల మాట ఎత్తారు గనుక, ఈ కథలో నాకు అత్యంత విచిత్రంగా తోచిన ముక్క చెబుతాను. తుప్పు పట్టని ఉక్కు మీద క్రుప్ 1912లో పేటెంటు తీసుకుంది. 1919లో క్రుప్ దంతవైద్యశాల వైద్యుడు హాప్ట్‌మేయర్ ఆ ఉక్కుతో కట్టుడు పళ్ల పలకలు చేశాడు. బంగారం కొనలేని కార్మికుడికి చవకగా పళ్లు దక్కాయి. ఈనాడు మీ నోటిలో ఉన్న తీగలకూ, తుంటి ఎముకలో వేసే మేకులకూ పూర్వీకుడు ఆ ఉక్కే.

ఈ ధోరణి ఒక్క క్రుప్‌ది కాదు. 1916లో బెర్లిన్‌లో కృత్రిమ అవయవాల పరీక్షాకేంద్రానికి నాయకత్వం వహించినది గేయార్గ్ ష్లేజింగర్ అనే యంత్ర పరికరాల ఆచార్యుడు. సీమెన్స్ వంటి సంస్థలు తయారుచేసిన పనిచేతికి వేళ్లుండేవి కావు, సుత్తినీ ఆకురాయినీ బిగించే పట్టు ఉండేది. చెయ్యి తెగిన సైనికుణ్ణి మనిషిలా కనబడేటట్లు చేయడంకన్నా లేతు మిషను ముందు మళ్లీ నిలబెట్టడం ముఖ్యమనుకున్నారు. వైద్యుడిగా దీన్ని నేను పూర్తిగా ఖండించలేను. పని దొరికిన వికలాంగుడు భిక్షకు పోలేదు. 1920లో జర్మనీ చేసిన చట్టం యుద్ధ వికలాంగులను కొంత శాతం చేర్చుకోవాలని సంస్థలను నిర్బంధించింది కూడా. అయితే మళ్లీ పనిలోకి రాగలవాడినే బాగుచేయాలన్న లెక్క ఒకసారి వార్డులోకి వచ్చాక, ఎవరినైనా తెచ్చి మార్చుకోగలిగిన కూలీకి అక్కడ చోటుండదు. ష్లేజింగర్ కూడా యూదుడే. 1933లో ఆయననూ అరెస్టు చేశారు, తరువాత దేశం విడిచి వెళ్లిపోవలసివచ్చింది.

బే ఏరియా బాబాయి

కాలిఫోర్నియా నుంచి ఒక భిన్నమైన ఉదాహరణ. రెండో ప్రపంచయుద్ధంలో రిచ్‌మండ్‌లో హెన్రీ కైజర్ ఓడల కర్మాగారాల్లో దాదాపు 90,000 మంది పనిచేశారు, 747 ఓడలు కట్టారు. అక్కడి క్షతగాత్రులు సైనికులు కారు, వెల్డింగు నిప్పులకు కాలినవారు, ఎత్తు నుంచి పడినవారు, రాత్రింబగళ్ల పనితో న్యుమోనియా పాలైనవారు. సిడ్నీ గార్‌ఫీల్డ్ అనే వైద్యుడు 1933లో ఎడారిలో కాలువ కూలీల కోసం రోజుకు అయిదు సెంట్ల చందాతో ఆసుపత్రి నడిపిన అనుభవంతో, 1942 ఆగస్టులో ఆవరణ పక్కనే ఫీల్డ్ హాస్పిటల్ తెరిచాడు. యుద్ధం ముగియగానే కార్మికులు వెళ్లిపోయి పడకలు ఖాళీ అయ్యేసరికి, 1945లో ఆ పథకాన్ని సామాన్య ప్రజలకు తెరిచారు. ఇప్పుడు ఇక్కడి మన తెలుగువారిలో చాలామంది చేతిలో ఉన్న కైజర్ ఆరోగ్య పథకం కార్డుకు మూలం అదే. జాబితాను మూసివేసినవారితో పాటు ఇలా తెరిచినవారు కూడా ఉన్నారని చెప్పడానికే ఇది రాశాను.

ఉత్తరాంధ్ర వకీలు

మన దేశపు చట్టం మాట ఎవరూ ఎత్తలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకు ఏడాది కిందటే విశాఖలో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఉన్నారు. రేవులో పనిచేసే కూలీ బాంబు దెబ్బతింటే అది పనిలో జరిగిన ప్రమాదమా, యుద్ధగాయమా అన్న ప్రశ్న అప్పుడు కేవలం సిద్ధాంత చర్చ కాదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పనివల్ల కలిగిన గాయానికి మాత్రమే వర్తించేది. బాంబు పనివల్ల పడదు. అందుకని 1941లో యుద్ధగాయాల ఆర్డినెన్సు, 1943లో యుద్ధగాయాల నష్టపరిహార బీమా చట్టం తెచ్చారు. రెండో దాని ప్రకారం ఆ చట్టం కిందికి వచ్చే యజమాని యుద్ధగాయానికి కూడా పరిహారం చెల్లించాలి, అందుకు ప్రభుత్వ బీమా తీసుకోవాలి.

నల్లబంగారం గారు చెప్పిన "ఏ ఖాతాలో రాయాలి" అన్న మాటకు చట్టం ఇచ్చే సమాధానం ఇటువంటిదే. గుమాస్తా మంచితనం మీద వదిలివేయకుండా, ఖాతా పేరు ముందే రాసి పెట్టడం.

నల్లబంగారం

వకీలు గారూ, చట్టం రాసిపెడితే మంచిదే. కానీ ఖాతా పేరు చట్టంలో లేనివాడి సంగతి ఏమిటి? ఆ 520 మంది అమ్మాయిల గురించి చదివినప్పటి నుంచి నాకు అదే తిరుగుతోంది. తరువాత వాళ్లకు ఎవరైనా ఏమైనా ఇచ్చారా?

ఎర్రమట్టి

క్రుప్ విచారణలో తీర్పు 1948 జులై 31న వచ్చింది. యుద్ధకాలంలో కంపెనీని నడిపిన ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌కు (1870 నాటి ఆల్‌ఫ్రెడ్ వేరు) పన్నెండేళ్ల జైలు, ఆస్తి జప్తు. 1951లో అమెరికా హైకమిషనరు ఆయనను విడుదల చేసి ఆస్తిని తిరిగి ఇప్పించాడు. 1959లో కంపెనీ, చట్టపరమైన బాధ్యత ఒప్పుకోకుండానే, తన దగ్గర పనిచేయించిన యూదు ఖైదీలకు ఒక్కొక్కరికి 5,000 మార్కుల చొప్పున ఇవ్వడానికి అంగీకరించింది. బతికి ఉన్నవారి దరఖాస్తులు అనుకున్నదానికన్నా ఎక్కువ రావడంతో, మొత్తం పెంచకుండా తలసరి సొమ్మును తగ్గించారు.

శాసనాల శర్మ

ఆ ఒప్పందంలో తూర్పు నుంచి తెచ్చిన యూదేతర కూలీలు లేరు. వాళ్లకు 2000లో జర్మను ప్రభుత్వమూ పరిశ్రమలూ కలిసి 1,000 కోట్ల మార్కులతో ఏర్పరచిన నిధి దాకా ఎదురుచూడవలసి వచ్చింది, అప్పటికి అత్యధికులు పోయారు. ఆ నిధి చట్టంలో యుద్ధఖైదీ హోదా పరిహారానికి అర్హత కాదని ఒక నిబంధన ఉంది. దాని ప్రకారం, నోగరాట్‌స్ట్రాస్సే కుక్కల గూళ్లలో పడుకున్న ఫ్రెంచి ఖైదీలు కేవలం ఖైదీలుగా ఉన్నందుకు ఆ నిధి నుంచి ఏమీ పొందలేరు. నల్లబంగారం గారూ, మీరు అడిగిన ఖాతా వాళ్లకు 2000లో కూడా తెరుచుకోలేదు.